‘తెలియదు’ అని పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఫిజిక్స్ చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలు యూట్యూబ్‌లో ఏవేవో చూసి వచ్చి విశ్వం గురించి అడుగుతుంటారు. బిగ్ బ్యాంగ్‌కి ముందు ఏముంది, విశ్వం అంచుకు అవతల ఏముంది, కృష్ణ పదార్థం (డార్క్ మేటర్) అంటే ఏమిటి... దేనికీ ‘తెలియదు’ తప్ప వేరే జవాబు దొరకడం లేదు. పిల్లల మొహాలు చిన్నబోతున్నాయి. ‘విశ్వంలో 95 శాతం ఏమిటో తెలియదని మీ సైంటిస్టులే అంటున్నారు, ఇంక సైన్సు కూడా ఒక నమ్మకమే కదా’ అని తోటి మాస్టారు ఒకరు స్టాఫ్‌రూమ్‌లో అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. ఈమధ్య రాత్రిళ్లు కూడా ఇవే ఆలోచనలు, నిద్ర పట్టడం లేదు. మనిషి బుర్రకు అందేది ఇంతేనని ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే మరి పాఠం ఎలా చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: టీచర్ గారూ, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే దేన్ని ఒప్పుకుంటున్నామో విడదీసి చూసుకుని ఒప్పుకోవాలి. మీరు రాసిన మూడు ప్రశ్నలకూ జవాబు ‘తెలియదు’ అనే వచ్చినా, ఆ మూడూ ఒకటి కావు. కృష్ణ పదార్థం ఏమిటన్నది ఇంకా తెలియని సంగతి. మనకు కనిపించే విశ్వానికి అవతల ఏముందో ఎందుకు చూడలేమో మాత్రం బాగా తెలుసు, ఆ హద్దు ఎంత దూరంలో ఉందో కూడా లెక్కగట్టారు. ఇక బిగ్ బ్యాంగ్‌కి ముందు సంగతి తేల్చే సిద్ధాంతమే ఇంకా మన చేతిలో లేదు. మూడింటికీ ఒకే గొంతుతో ‘తెలియదమ్మా’ అనేస్తే పిల్లలకు మూడూ ఒకే చీకటిలా వినిపిస్తాయి. వాళ్లు డీలా పడేది అందుకే.

ముందు మాస్టారి మాట చూద్దాం. ఆయన చెప్పిన అంకె సరైనదే. విశ్వంలోని మొత్తం పదార్థ శక్తుల్లో మనకు పరిచయమైన పదార్థం సుమారు 5 శాతం, కృష్ణ పదార్థం 27 శాతం, విశ్వం విస్తరించే వేగాన్ని పెంచుతోందనుకునే కృష్ణ శక్తి (డార్క్ ఎనర్జీ) 68 శాతం. అయితే ఏమీ తెలియనిదాన్ని శాతాల్లో ఎలా చెప్పగలిగారు? ఈ ప్రశ్న పిల్లల్నే అడగండి. మూట విప్పి చూడలేదు గానీ, కాటా మీద పెట్టి తూచారు. ఆ తూకం ఎలా జరిగిందో బోర్డు మీదే చూపించవచ్చు. సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడి వేగం సెకనుకు 47 కిలోమీటర్లు, దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం 5.4 కిలోమీటర్లు. దూరం పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. ఒక గెలాక్సీలో వెలుగు చాలావరకు నడిమధ్యే ఉంటుంది కాబట్టి అంచున తిరిగే నక్షత్రాలు కూడా ఇలాగే నెమ్మదించాలి. 1970లలో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ గెలాక్సీ వెనుక గెలాక్సీ కొలుస్తూ పోతే అంచు దాకా వేగం దాదాపు తగ్గనే లేదు. అంటే వెలుగివ్వనిదేదో అక్కడ ఉండి లాగుతోంది. గెలాక్సీ గుంపుల్లో ఇలాంటి లెక్క తేడానే 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ చూపించాడు. దూరపు గెలాక్సీల కాంతి దారిలో వంగే తీరులోనూ, విశ్వపు తొలి కాంతిలోనూ అదే సంగతి బయటపడుతుంది. వేర్వేరు దారుల్లో తూచినా బరువు దాదాపు ఒకటే వస్తోంది.

ఇంకా తేలనిది, ఆ పదార్థం దేనితో చేసిందన్నది. ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింద, అమెరికాలోని దక్షిణ డకోటాలో పాత బంగారు గనిలో టన్నుల కొద్దీ ద్రవ జెనాన్ పెట్టుకుని దాని కణాల కోసం వెతుకుతున్నారు. మన దేశంలో జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 550 మీటర్ల లోతున ఒక ప్రయోగశాల ఉంది. ఇప్పటిదాకా కణం దొరకలేదు. కానీ ప్రతిసారీ ‘ఇంత బరువుండి, ఇంత బలంగా తాకే కణం మాత్రం కాదు’ అని జాబితాలో కొన్ని పేర్లు కొట్టేస్తూ వస్తున్నారు. కృష్ణ పదార్థమే లేదు, గురుత్వ నియమాన్నే సవరించాలి అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు కూడా పైన చెప్పిన కొలతలన్నిటినీ తమ సమీకరణంతో రాబట్టి చూపించాల్సిందే, ఇంతవరకు అది పూర్తిగా కుదరలేదు. నమ్మకానికీ దీనికీ ఉన్న తేడా మాస్టారికి చెప్పాలంటే ఇదే చెప్పండి: ఏది కనబడితే మా మాట తప్పని ఒప్పుకుంటామో ముందే రాసిపెట్టి వెతుకుతున్నారు.

మీరు గుంటూరు జిల్లా నుంచి రాశారు కాబట్టి ఈ తర్వాతి సంగతిని తరగతిలో ఒక పీరియడ్ అంతా చెప్పమని మా సలహా. ‘ఎప్పటికీ తెలియదు’ అన్న మాట ఎంత త్వరగా కూలిపోగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు, అందులో ఒక ఘట్టం మీ ఊరి పక్కనే జరిగింది. ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోమ్ట్ 1835లో ఇలా వాదించాడు: నక్షత్రాల దూరాలు, పరిమాణాలు, కదలికలు తెలుసుకోగలం గానీ, అవి దేనితో తయారయ్యాయో ఏ విధంగానూ తెలుసుకోలేం. అప్పటికి అది సబబైన మాటలాగే కనిపించింది. నక్షత్రం ముక్క తెచ్చి పరీక్షనాళికలో వేయలేం కదా. కానీ జవాబు అప్పటికే అందరి కళ్ల ముందూ ఉంది. సూర్యకాంతి వర్ణపటంలో (కాంతిని విడదీస్తే వచ్చే రంగుల పట్టీలో) వందల కొద్దీ నల్లటి గీతలున్నాయని ఫ్రాన్‌హోఫర్ 1814లోనే చూసి గీసి పెట్టాడు. వాటిని చదవడం ఎవరికీ రాలేదు, అంతే. 1859లో కిర్కాఫ్, బున్‌సెన్ చదివారు. ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి, సూర్యుడిలో సోడియం గీతలున్నాయంటే అక్కడ సోడియం ఉన్నట్టే. కోమ్ట్ చనిపోయి అప్పటికి రెండేళ్లే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చి వర్ణపటదర్శినితో చూశాడు. బ్రిటిష్ బృందం ఒకటి గుంటూరులోనే ఉంది, మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి, అంటే అవి వేడెక్కిన వాయువులు. గీతలు ఎంత తేటగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని జాన్సెన్‌కు తోచింది. మర్నాడు పొద్దున్నే గుంటూరులో అలాగే చూశాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ విడిగా అదే పద్ధతి కనిపెట్టి అక్టోబరులో చూశాడు. ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటి 587.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంది. సోడియం జంట గీతలు 589.0, 589.6 దగ్గర ఉంటాయి, దాదాపు అక్కడే, కానీ అక్కడ కాదు. భూమ్మీద ఏ మూలకానికీ ఆ గీత సరిపోలేదు. ఇది కొత్త మూలకమని, సూర్యుడి పేరు మీద హీలియం అని పిలిచారు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి దాన్ని భూమ్మీద పట్టుకున్నాడు. ‘హీలియం గుంటూరులో కనుక్కున్నారు’ అని మనవాళ్లు చెప్పుకుంటారు. పిల్లలకు సరిగ్గా చెప్పండి: గుంటూరులో దొరికింది గ్రహణం లేకుండానే సౌరజ్వాలల్ని చదివే పద్ధతి. ఆ పసుపు గీత కొత్త మూలకానిదని తేల్చిన పని ఎక్కువగా లాకియర్‌ది.

చెప్పడంతో ఆపకండి, చూపించండి. 20–25 సెంటీమీటర్ల పొడవున్న అట్టపెట్టె, పాత సీడీ, షేవింగ్ బ్లేడు చాలు. బ్లేడును కాగితంలో చుట్టి మధ్యకు విరిచి, రెండు ముక్కల పదునైన అంచులు ఎదురెదురుగా వచ్చేలా పెట్టె ఒక చివర అడ్డంగా అతికించాలి. మధ్య సందు అర మిల్లీమీటరుకు మించకూడదు. ఈ పని పిల్లలతో చేయించకుండా మీరే చేయండి. రెండో చివర సీడీని పెట్టె అడుగుకు 60 డిగ్రీల వాలులో, మెరిసే వైపు సందుకు ఎదురుగా దూర్చి, దాని పైభాగాన చూడటానికి చిన్న కిటికీ కోయాలి. సందు మీద వెలుగు పడేలా పెట్టి, కిటికీలోంచి సీడీ వంక చూస్తే రంగుల పట్టీ కనబడుతుంది. పాత ట్యూబ్‌లైట్ లేదా సీఎఫ్‌ఎల్ బల్బు ముందు పెడితే పాదరసం ఆకుపచ్చ గీత (546 నానోమీటర్లు), ఊదా నీలం గీత (436) విడివిడిగా తెలుస్తాయి. ఈమధ్య బడుల్లో అన్నీ ఎల్‌ఈడీ బల్బులే. వాటితో చూస్తే గీతలుండవు, అల్లుకుపోయిన రంగులే కనిపిస్తాయి, ‘రాలేదు టీచర్’ అంటారు. కాబట్టి ఒక పాత ట్యూబ్‌లైటు ముందే చూసిపెట్టుకోండి. గీతలు లావుగా అలుక్కుపోయినట్టుంటే సందు వెడల్పు ఎక్కువైనట్టు. అసలేమీ కనిపించకపోతే సందు సీడీ గాడులకు సమాంతరంగా లేదు, లేదా పెట్టె మూలల్లోంచి వెలుగు లోపలికి వస్తోంది, నల్ల టేపు వేయండి. సూర్యుడి వైపు మాత్రం నేరుగా పెట్టనివ్వకండి. పగలు కావాలంటే ఎండ పడిన తెల్ల కాగితం మీదికి తిప్పితే సరిపోతుంది.

‘ఎప్పటికీ తెలియదు’ అన్నవి ఇంకా కొన్ని ఇలాగే కూలాయి. 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ న్యూట్రినోను (పదార్థాన్ని దాదాపు తాకకుండానే దూసుకుపోయే కణం) ఊహించి, పట్టుకోవడానికి వీల్లేని కణాన్ని ప్రతిపాదించానని తనే బాధపడ్డాడు. 1956లో అది అమెరికాలో ఒక అణు రియాక్టర్ దగ్గర దొరికింది. 1965లో మన కోలారు బంగారు గనుల అడుగున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు.

అయితే ఇక్కడే అవతలి వైపుకు జారిపోకూడదు. కోమ్ట్ తప్పాడు కాబట్టి అన్ని హద్దులూ ఎప్పుడో ఒకప్పుడు కూలతాయని పిల్లలకు చెప్పవద్దు. కొన్ని కూలవు. అవి మన పరికరాల చేతగానితనం వల్ల వచ్చినవి కావు.

కాంతికి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగం, విశ్వానికి 1380 కోట్ల ఏళ్ల వయసు. ఈ రెండూ కలిస్తే ఒక హద్దు వచ్చి తీరుతుంది. మనం చూడగలిగిన విశ్వం అన్ని వైపులా సుమారు 4600 కోట్ల కాంతి సంవత్సరాల దాకా ఉంది. ‘1380 కోట్ల ఏళ్లలో కాంతి 4600 కోట్ల కాంతి సంవత్సరాలు ఎలా వచ్చింది టీచర్’ అని తెలివైన పిల్లలు తప్పకుండా అడుగుతారు. అంత దూరం రాలేదు. కాంతి నడుస్తుండగా దారి కూడా సాగుతూ వచ్చింది. ఆ కాంతి బయల్దేరిన చోటు ఇప్పుడు మనకు అంత దూరంలో ఉంది. అక్కడ గోడ లేదు, విశ్వం అక్కడితో అయిపోదు. అక్కణ్నుంచి మనకు కబురు అందలేదు, అంతే. ఇంకా కఠినమైన హద్దు వేరే ఉంది. విస్తరణ వేగం పెరుగుతూ ఉందని 1998లో తేలింది. అది ఇలాగే సాగితే, సుమారు 1600 కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన దూరంలో ఈరోజు బయల్దేరే కాంతి ఎన్ని కోట్ల ఏళ్లు ఆగినా మనల్ని చేరదు. పెద్ద టెలిస్కోపు కట్టినా లాభం లేదు.

వెనక్కి చూసినా ఒక తెర ఉంది. మొదటి 3 లక్షల 80 వేల ఏళ్లు విశ్వం వేడి ప్లాస్మా, విడి ఎలక్ట్రాన్లకు తగిలి కాంతి చెదిరిపోతూ ఉండేది. 3000 కెల్విన్‌కు చల్లబడ్డాక పరమాణువులు ఏర్పడి కాంతికి దారి దొరికింది. ఆ కాంతినే 1964–65లో పెంజియాస్, విల్సన్ రేడియో యాంటెన్నాలో గరగరగా విన్నారు, ఇప్పుడది 2.725 కెల్విన్. అంతకు వెనక్కి కాంతితో చూడలేం. మరి అక్కడితో చేతులెత్తేయాలా? ఇక్కడ మళ్లీ హీలియం పనికొచ్చింది. విశ్వంలో సాధారణ పదార్థం బరువులో సుమారు నాలుగో వంతు హీలియమే. నక్షత్రాల్లో తయారైంది ఇందులో కొద్దిభాగమే. మిగిలినదంతా బిగ్ బ్యాంగ్ తర్వాత మొదటి కొన్ని నిమిషాల్లో, ఆ తెరకు అవతల తయారైంది. అప్పటి వేడిని, విస్తరణ వేగాన్ని బట్టి ఎంత హీలియం ఉండాలో లెక్కిస్తే ఉన్నదానికి సరిపోతోంది. తెర తెరలాగే ఉంది, దాని వెనుక జరిగిన పని మాత్రం తెలిసింది. తెరను దాటి రాగలిగినవి న్యూట్రినోలు, స్థలకాలంలో పుట్టే అలలైన గురుత్వ తరంగాలు కూడా. మొదటి సెకను నాటి న్యూట్రినోలు ఇప్పటికీ మన చుట్టూ ఉండాలి, కానీ వాటి శక్తి మరీ తక్కువ కావడంతో నేరుగా పట్టుకోలేకపోయారు.

మూడో రకం హద్దును పిల్లలు చేత్తో లెక్కగట్టగలరు. సౌరకుటుంబంలో గ్రహాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి కాబట్టి, ఈరోజు భూమి స్థానం కొలతలో ఉన్న చిన్న తప్పు సుమారు ప్రతి కోటి ఏళ్లకూ పది రెట్లవుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ లాస్కర్ 1989లో తేల్చిన విషయం ఇది. 15 మీటర్ల తప్పుతో మొదలుపెట్టించండి. కోటి ఏళ్లకు 150 మీటర్లు, రెండు కోట్లకు ఒకటిన్నర కిలోమీటర్లు, అలా పదిసార్లు గుణిస్తే పది కోట్ల ఏళ్లకు 15 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడికీ భూమికీ మధ్య దూరమంత! అంటే అప్పుడు భూమి తన కక్ష్యలో ఏ పక్కన ఉంటుందో చెప్పలేం. 15 మీటర్లకు బదులు 15 మిల్లీమీటర్ల తప్పుతో కొలిచామనుకోండి, వెయ్యి రెట్లు మెరుగైన కొలతకు దక్కేది ఇంకో మూడు కోట్ల ఏళ్లే. పిల్లలు ఈ చివరి అంకె దగ్గర తప్పకుండా ఆగుతారు, ఆగనివ్వండి. కానీ అదే సౌరకుటుంబంలో 2034 మార్చి 20న కశ్మీర్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్తుందని ఇప్పుడే గట్టిగా చెప్పగలం. లెక్క ఎంత కాలం దాకా పనికొస్తుందో ఆ లెక్కే చెబుతోంది. క్వాంటం అనిశ్చితత్వమూ అంతే. కణం స్థానం, ద్రవ్యవేగం రెండూ ఒకేసారి ఎంత కచ్చితంగా తెలియగలవో హైసెన్‌బర్గ్ 1927లో ఇచ్చిన నియమం అంకెలతో సహా చెబుతుంది. ‘అంతా అనిశ్చితమే’ అని దీన్ని తిప్పి వాడేవాళ్లకు, ఇదే సిద్ధాంతం ఎలక్ట్రాన్ అయస్కాంత గుణాన్ని పది అంకెలకు పైగా సరిగ్గా లెక్కించిందని గుర్తుచేయండి.

ఇక బిగ్ బ్యాంగ్‌కి ముందు సంగతి. దీనికి తొమ్మిదో తరగతిలో ఇలా చెప్పవచ్చు: ‘మొదటి సెకను నుంచి ఇప్పటిదాకా జరిగినదానికి గట్టి ఆధారాలున్నాయి. అంతకు వెనక్కి వెళ్లేకొద్దీ ఆధారాలు పలచబడతాయి. దశాంశ బిందువు తర్వాత 43 సున్నాలు పెట్టి 54 రాస్తే వచ్చే సెకన్ల కంటే వెనక్కి మన సమీకరణాలు పనిచేయవు, గురుత్వాన్నీ క్వాంటం సిద్ధాంతాన్నీ కలిపే పని ఇంకా పూర్తికాలేదు. అది పూర్తయ్యేదాకా, అక్కడ ముందు అనే మాటకు అర్థం ఉందో లేదో కూడా చెప్పలేం.’ ఇది నాలుగు వాక్యాల జవాబు. ‘తెలియదు’ అన్న ఒక్క మాటకు బదులు ఇది చెబితే ఎక్కడిదాకా తెలుసో, ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో పిల్లల చేతికి వస్తుంది. ఆ ఖాళీని మనకు నచ్చిన కథతో నింపవద్దు, బహుళ విశ్వాల కథ అయినా సరే. యూట్యూబ్ వీడియోల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ప్రతిపాదన దశలో ఉన్నదాన్ని తేలిపోయినట్టు చెప్పేస్తారు.

ఏది తేలిందో ఏది తేలలేదో పసిగట్టడానికి ప్లస్–మైనస్ (±, కొలత ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె) చదవడం నేర్పండి. ఇప్పుడు జరుగుతున్న తగువుతోనే నేర్పవచ్చు. విశ్వం విస్తరించే వేగం ప్లాంక్ ఉపగ్రహం చూసిన తొలి కాంతిని బట్టి 67.4 ± 0.5. నక్షత్రాలు, సూపర్‌నోవాలను (పేలిపోయే నక్షత్రాలను) బట్టి కొలిస్తే 73.0 ± 1.0. 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు ఇన్ని కిలోమీటర్లని అర్థం. తేడా 5.6. రెండు ± అంకెల వర్గాలు కూడితే 1.25, దాని వర్గమూలం సుమారు 1.12. తేడాను దీనితో భాగిస్తే 5. ఒకటో రెండో వస్తే యాదృచ్ఛికం అనుకుని వదిలేస్తారు, 5 వస్తే వదలరు. కొలతల్లో ఎక్కడో తెలియని పొరపాటైనా ఉండాలి, విశ్వం గురించి మన లెక్కలో ఏదో లోపమైనా ఉండాలి. ± లేకుండా అంకె ఒక్కటే చెప్పే వార్తను పిల్లలు సగమే నమ్మాలి.

రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ ప్రశ్నలకు పడుకునే ముందు జవాబు రాదు. పడుకోవడానికి గంట ముందు ఆ వీడియోలు ఆపి, తిరుగుతున్న ప్రశ్నను కాగితం మీద రాసి పక్కన పెట్టండి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే, లేదా పగటి పనికి అడ్డొస్తుంటే, డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ కట్టక్కర్లేదు. విశ్వం పెద్దదైనందుకు నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు. ఆ దిగులుకు వేరే కారణం కూడా ఉండి ఉండవచ్చు.

తరగతిలో ఒక పుస్తకం పెట్టించండి, పేజీకి మూడు గడులు: ప్రశ్న, ఎందుకు తెలియలేదు, ఏం కనిపిస్తే తెలుస్తుంది. కృష్ణ పదార్థం పేజీలో మూడో గడి సులువుగానే నిండుతుంది. అంచు అవతలి పేజీలో రెండో గడి నిండుతుంది, మూడోదానిలో ‘దారి లేదు’ అని ధైర్యంగా రాయించండి. బిగ్ బ్యాంగ్‌కి ముందు పేజీలో మూడో గడిని పెన్సిల్‌తో రాయించండి, మారవచ్చు. తొలి క్షణాల గురుత్వ తరంగాల జాడ అని అక్కడ రాయవచ్చు. మన మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లిగో–ఇండియా పేరుతో గురుత్వ తరంగాల వేధశాల రాబోతోంది. ఆ తొలి తరంగాలు దానికి అందేంత బలమైనవి కావనుకుంటున్నారు, ఢీకొనే కృష్ణబిలాల ప్రశ్నలు మాత్రం ఆ పేరుతో రాసుకోవచ్చు. ఏటా జూన్‌లో కొత్త తరగతికి ఈ పుస్తకం అప్పజెప్పండి, పాత పేజీలు తిరగేసి ఏవైనా నిండాయేమో చూస్తారు. ‘అసలు విశ్వం ఎందుకు ఉంది’ లాంటి ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుంది. దానికి మూడో గడిలో ఏం రాయాలో ఎవరికీ తోచదు. ఆ ప్రశ్నను తప్పుపట్టవద్దు, కొట్టేయనివ్వవద్దు. అలాంటివాటికి పుస్తకం వెనుక నుంచి వేరే పేజీలు కేటాయించి, అడిగిన పిల్లల పేరు, తేదీ వేయించండి.